గురికి దూరమెంత?
(జిమ్ కార్బెట్ జీవిత కథ)

ఉగాది సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితాన్ని వ్రాసి ఇమ్మని సంఘం కార్యదర్శిగారు మమ్మల్ని అడిగినారు. కవులను గూర్చీ, దేశభక్తులను గూర్చీ మాకంటె చదువుకొన్నవారు ఇదివరకే వ్రాసి ఉన్నారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వే పార్సెలు ఆఫీసులో రసీదులు వ్రాసుకొనే గుమాస్తాలము. అందుచేత మాకు కొంచెం దగ్గరివాడైన మనిషిని ఎన్నుకొన్నాము. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా రైలు సరకు ఎత్తించి, దింపించి జీవనం చేసినవారు. లోకం మాత్రం ఆయనను పులులవేటగాడని ఎరుగును. ఆయనే జిమ్ కార్బెట్.

పండుగపూట వేటగాని కథ యేమిటని కొందరు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత వేట సరదా అన్నది లేకుండా పోయింది. అది పోవలసినదే. కాని కార్బెట్ జీవితంలో ఒక ప్రశ్న ఉన్నది. అది తుపాకి పట్టనివారికి కూడా పనికివచ్చే ప్రశ్న. ఎంత దూరంనుండి కాల్చవచ్చును? తూటా ఎంత దూరం పోతుందన్నది తుపాకి చెబుతుంది. ఎంత దూరం వరకు కాల్చే హక్కు ఉన్నదన్నది మనిషి తనకు తాను చెప్పుకోవాలి. ఈ రెండు దూరాలూ ఒకటి కావని ఆయన బ్రతుకు చూపుతున్నది.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25వ తేదీన హిమాలయ పర్వతాలలోని నైనిటాల్ పట్టణంలో పుట్టినారు. తండ్రి క్రిస్టఫర్ కార్బెట్ ఆ ఊరి పోస్టుమాస్టరు. తల్లి పేరు మేరీ జేన్. బహు సంతానం గల ఇల్లు. 1881లో తండ్రి కాలం చేయగా తల్లి ఆ సంసారాన్ని ఒంటిచేతితో ఈదుకొని వచ్చింది. వేసవి కాలమంతా నైనిటాల్‌లోను, చలికాలం కొండల దిగువన ఉన్న కాలాఢుంగీలోను వారి కాపురం. వారి పూర్వులు ఐర్లండు దేశంనుండి వచ్చినవారు. జిమ్ పుట్టినదీ పెరిగినదీ ఇక్కడే. ఇంగ్లండునుండి కొత్తగా దిగిన దొరలకు ఇక్కడే పుట్టిన తెల్లవారంటే చిన్నచూపు. ఇక్కడివారికి మాత్రం వారు దొరలే. పుట్టినచోటునే పై ఊరివాడనిపించుకొనుట యెట్లుంటుందో మన సంఘంలోని కుటుంబాలకు విడమరచి చెప్పనక్కరలేదు.

చిన్ననాట కార్బెట్ చేతికి వచ్చిన మొదటి తుపాకి ఒక పాత జోడు గొట్టాలది. గొట్టం మూతినుండి మందు కూరి, గుండు దించి, గట్టించి పేల్చే రకం. మందు ఎక్కువ కూరినందువల్ల కుడి గొట్టం అప్పటికే చీలిపోయి ఉన్నది. కట్టెనూ గొట్టాలనూ ఇత్తడి తీగతో చుట్టి కట్టినారు. పనికి వచ్చేది ఎడమ గొట్టం ఒక్కటే. ఒక దెబ్బ వేస్తే రెండవ దెబ్బకు మళ్ళీ మందు కూరుకోవలసిందే. తరువాత ఒక మార్టిని రైఫిలు ఎరువుగా దొరికింది. అదీ ఒకసారికి ఒక్క తూటా పట్టేదే. ఆయన తన మొదటి చిరుతపులిని కొట్టినది దానితోనే.

ఈ పేదరికమే ఆ పిల్లవానికి గురువైనది. రెండవ తూటా లేనివాడు మొదటి తూటాను అజాగ్రత్తగా వేయలేడు. దూరంనుండి అదృష్టాన్ని నమ్ముకొని కాల్చలేడు. అడుగులో అడుగు వేసుకొని, గాలి వాలు చూచుకొని, ఎండుటాకు చప్పుడు కాకుండా జంతువు దగ్గరకు పోవలసిందే. కున్వర్ సింగ్ అనే ఊరి పెద్ద, అడవి గుట్టు తెలిసిన దొంగవేటగాడు, ఆ పిల్లవానికి అడవిలో మసలుకొనే తీరు నేర్పినాడు. ఏ పక్షి ఎందుకు అరుస్తున్నది, ఏ జింక ఎవరిని చూచి కేక వేసింది, నేలమీది అడుగుజాడ ఏ పూటది అన్నవి కార్బెట్‌కు అక్షరాలవలె వచ్చినవి.

పద్దెనిమిదవ ఏట ఆయన బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో ఇంధనపు ఇన్‌స్పెక్టరుగా చేరినారు. నెలకు నూరు రూపాయల జీతం. ఆ కాలంలో ఇంజన్లు కట్టెలతో కూడా నడిచేవి. అడవిలో మకాం వేసి చెట్లు కొట్టించి, ముక్కలు చేయించి రైలుకు అందించుట ఆయన పని. ఆ తరువాత బీహారులోని మొకామా ఘాటుకు వచ్చి సరకు మార్పిడి కాంట్రాక్టు పుచ్చుకొన్నారు. గంగకు ఈ ఒడ్డున బ్రాడ్ గేజి, ఆ ఒడ్డున మీటర్ గేజి. నడుమ వంతెన లేదు. ఒక బండిలోని సరకంతా దించి రెండవ బండిలోనికి ఎక్కించి నది దాటించాలి. అటువంటి చోట పని ఎట్లుంటుందో గేజి మార్పు కాలం చూచిన మా పాత ఉద్యోగులు ఇప్పటికీ చెప్పుకొంటారు. అక్కడ రైలు వంతెన, రాజేంద్ర సేతు, 1959లో గాని రాలేదు.

మొకామా ఘాటులో ఆయన ఇరవైఒక్క సంవత్సరాలు పనిచేసినారు. మొదట్లో కొన్ని నెలలపాటు రైల్వేనుండి సొమ్ము రాలేదు. కూలీలు అర్ధాకలితో పనిచేసినారు. ఆయన కూడా వారితోపాటు బరువులు మోసి, ఒంటిపూట తిని గడిపినారు. స్టేషను మాస్టరు రామ్ శరణ్‌తో కలిసి కూలీల పిల్లలకు ఒక బడి పెట్టినారు. వేర్వేరు కులాల పిల్లలు ఒక ఇంటిలో కూర్చోరాదని పేచీ వచ్చింది. రామ్ శరణ్ బడి గోడలు తీయించివేసి పైకప్పు మాత్రం ఉంచినారు. గోడలు లేనిది ఇల్లు కాదు, కాబట్టి పందిరి కింద ఎవరి ప్రక్కన ఎవరైనా కూర్చోవచ్చునని తేలింది. రైల్వే స్టేషనులో ఇంత తెలివిగల పరిష్కారం పుట్టిందని తలచుకొంటే మాకు గర్వంగా ఉంటుంది.

ఈ ఉద్యోగంలో ఉండగానే, 1907లో, మొదటిసారి మనిషిని మరిగిన పులికోసం ఆయన వెళ్ళవలసివచ్చింది. చంపావత్ ఆడపులి అని దానికి పేరు. అది మొదట నేపాలులో రెండు వందల మందిని పొట్టబెట్టుకొని, అక్కడివారు తరిమితే కుమావూన్ కొండలలోనికి వచ్చిపడింది. మొత్తం 436 మందిని చంపినదని లెక్క. పల్లెలలో తలుపులు తీయుటకు జనం జంకినారు. కోతకు వచ్చిన పైరు పొలంలోనే నిలిచిపోయింది.

కార్బెట్ ప్రభుత్వానికి రెండు షరతులు పెట్టినారు. పులి తలకు కట్టిన బహుమతి రద్దు చేయాలి. ఆ అడవిలో తిరుగుతున్న తక్కిన తుపాకివారందరినీ వెనుకకు పిలిపించాలి. డబ్బు కోసం కాల్చేవాడనిపించుకొనుట ఆయనకు ఇష్టం లేదు. పొదలో కదిలినదెల్లా పులి అనుకొని కాల్చే కంగారు మనుషుల నడుమ తిరుగుట అంతకన్నా ఇష్టం లేదు. గురి పెట్టేముందు ఎదుటనున్నది యేమిటో తెలిసి తీరాలన్నది ఆయన మొదటి నియమం.

తహసీల్దారు సాయంతో మూడువందలమంది వరకు పల్లెవాసులను పోగుచేసి, డప్పులతో కేకలతో అడవి కదిలించి పులిని బయటికి తోలించినారు. ఆనాడు ఆయన వద్ద ఉన్నవి మూడే తూటాలు. మూడూ అయిపోయినవి. పులికి గాయాలు తగిలినవి గాని అది ఇంకా నిలిచి ఉన్నది. కార్బెట్ పరుగున పోయి తహసీల్దారు చేతిలోని పాత తుపాకి పుచ్చుకొని వచ్చి, ఇరవై అడుగుల దూరంనుండి పులి నోటికి గురిపెట్టి కాల్చినారు. ఆ దెబ్బ నోటికి తగలలేదు, కాలి పంజాకు తగిలింది. అంతకుముందు తగిలిన గాయాలతోనే పులి చచ్చింది. ఇరవై అడుగులనుండి కూడా గురి తప్పవచ్చునని ఆయన దాచకుండా వ్రాసినారు. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. ముందుముందు అవసరం వస్తుంది.

చచ్చిన పులి నోరు తెరచి చూస్తే కారణం బయటపడింది. కుడిప్రక్క పై కోరపన్ను సగానికి విరిగి ఉన్నది. క్రింది కోరపన్ను ఎముక దాకా పోయింది. అది ఎన్నడో ఎవరో కాల్చిన తుపాకిదెబ్బ. కోరలు లేని పులి జింకను పట్టలేదు, అడవిపందిని పడవేయలేదు. ఆకలికి అది మెల్లగా నడిచే, కొమ్ములు లేని, గోళ్ళు లేని జంతువును వెదుక్కొన్నది. అదే మనిషి.

ఆ మొదటి దెబ్బ కాల్చినవాడెవరు? ఏ రికార్డులోను అతని పేరు లేదు. ఎంత దూరంనుండి కాల్చినాడో తెలియదు. పులి దూకి పొదలలో మాయమైతే వెదకకుండా ఇంటికి పోయి ఉంటాడు. తప్పిపోయిందని తోటివారితో చెప్పి నవ్వుకొని కూడా ఉంటాడు. అతని లెక్కలో అది పోయిన ఒక తూటా ఖరీదు. కొండలలో పడిన లెక్క 436 మనుషులు.

కార్బెట్ తరువాత తన పుస్తకంలో దీనిని ఒక సూత్రంగా చెప్పినారు. పులి పుట్టుకతో మనుషులను తినేది కాదు. పదింట తొమ్మిది పులులు గాయంవల్ల, పదవది ముసలితనంవల్ల మనిషిని మరుగుతుంది. ఆ గాయం నిర్లక్ష్యంగా కాల్చి, గాయపడిన జంతువును వెంబడించి ముగించకుండా వదలినవాని పని కావచ్చు. లేదా ముళ్ళపందితో పెట్టుకొన్న కలహం కావచ్చు. ముక్తేశ్వర్ ఆడపులి ముళ్ళపంది చేతిలో ఒక కన్ను పోగొట్టుకొన్నది. సుమారు యాభై ముళ్ళు దాని ఒంటిలో దిగినవి. ముళ్ళపందిని మనం తప్పుపట్టలేము. అది ప్రాణం కాపాడుకొన్నది. తుపాకివానికి ఆ సాకు లేదు.

అయితే కార్బెట్ దూరంనుండి కాల్చలేనివారు కారు. చౌగఢ్ పులులకోసం దల్కానియా గ్రామంలో మకాం వేసినప్పుడు, పులి భయంతో చాలాకాలంగా మాంసం ఎరుగని పల్లెవారు తమకు ఒక కొండగొఱ్ఱెను కొట్టి పెట్టమని అడిగినారు. ఎదుటి కొండవాలు మీదివాటిని ఆయన కొట్టినారు. అవి దొర్లుకొంటూ ఆయన ఉన్నవైపు క్రిందికి వచ్చినవి. చూచినవారు ఊరికి పోయి, దొర మైలు దూరంనుండి మంత్రపు తూటాలతో కొడితే జంతువులు ఆయన కాళ్ళ దగ్గరకే వచ్చి పడినవని చెప్పినారు. కార్బెట్ ఆ కథను నవ్వుతూ వ్రాసుకొన్నారేగాని ఆ కీర్తిని నెత్తికి ఎత్తుకోలేదు. తన రైఫిలు ఎంతవరకు నమ్మదగినదో, పడిన జంతువు దగ్గరకు తాను పోగలడో లేడో లెక్క చూచుకొనే ఆయన కాల్చినారు.

ఆ చౌగఢ్‌లోనే ఆయన పెద్ద పొరపాటు చేసినారు. మనిషిని మరిగినది ఒక ముసలి ఆడపులి. దానితో ఎదిగిన పిల్ల కూడా తిరిగేది. రెండూ కంటబడినప్పుడు రంగులను బట్టి, నిలువును బట్టి ఒకదానిని తల్లి అనుకొని కాల్చినారు. పడినది పిల్ల. ఆ ఒక్క పొరపాటుకు తరువాతి పన్నెండు నెలలలో పదిహేనుమంది ప్రాణాలు పోయినవని ఆయన తానే లెక్క కట్టి పుస్తకంలో అచ్చువేయించినారు. అడిగినవాడు లేడు, తప్పు పట్టినవాడు లేడు. 1930 ఏప్రిల్‌లో మళ్ళీ వెళ్ళి ఆ తల్లిపులిని కొట్టినారు. ఆనాడు ఎడమచేతిలో పక్షిగుడ్లు ఉండగా, కుడిచేతితోనే రైఫిలు మెల్లగా త్రిప్పి, ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్న పులిని కాల్చవలసివచ్చింది.

1929లో తల్లాదేశ్ ఆడపులిని గాయపరచినప్పుడు ఆయన ఒంట బాగులేదు. అంతకుముందు వేటలో ఎవరో చెవి ప్రక్కనే పెద్ద రైఫిలు పేల్చగా కర్ణభేరి పగిలి చెవిలో గడ్డ వేసింది. ముఖం వాచి ఒక కన్ను మూసుకొని పోయింది. అయినా ఆ స్థితిలోనే గాయపడిన పులి జాడపట్టి పోయి ముగించినారు. తాను తగిలించిన గాయాన్ని ఇంకొకరి పల్లెకు వదలిపెట్టి ఇంటికి పోరాదన్నది ఆయన రెండవ నియమం. చిన్న కుక్క రాబిన్ కూడా గాయపడిన చిరుతల జాడ తీయుటలో ఆయనకు ఎంతో సాయపడింది. దానిని ఆయన పదిహేను రూపాయలకు కొన్నారు.

రుద్రప్రయాగ చిరుత కథ లోకమెరిగినదే. కేదారనాథ్, బదరీనాథ్ యాత్రికుల దారిలో అది 1918నుండి 1926 వరకు 125 మందిని చంపింది. 1918నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో దహనం చేసేవారు లేక లోయలలో పడవేసిన శవాలను తిని అది మనిషి మాంసం మరిగినదని కార్బెట్ అభిప్రాయం. 1921లో ఒక యువ సైనికాధికారి వంతెనవద్ద కాపు కాచి కాల్చిన తూటా దాని వెనుక కాలిని గీసుకొనిపోయింది. చిరుత తప్పించుకొన్నది. మరి ఐదేళ్ళు ఆ లోయ జనం చీకటిపడగానే తలుపులు బిగించుకొని బ్రతికినారు. చివరకు 1926 మే నెలలో గోలాబ్‌రాయ్ వద్ద మామిడిచెట్టుమీద మంచె కట్టుకొని, రాత్రివేళ కార్బెట్ దానిని కొట్టినారు.

మనిషిని మరిగిన పులులలో ఆయన చివరగా వేటాడినది 1938 నవంబరులో, ఠాక్ గ్రామంవద్ద. అప్పటికి ఆయనకు అరవైమూడేళ్ళు. గడువు ముగిసే సాయంకాలం, వెలుగు పోతుండగా, ఒక బండమీద కూర్చుండి మగపులివలె గొంతు పెట్టి పిలిచినారు. ఆడపులి బదులు పలుకుతూ పలుకుతూ దగ్గరకు వచ్చింది. చీకటి పడేలోపల, తుపాకి తప్పే అవకాశం లేనంత దగ్గరలో ఆయన కాల్చినారు. చర్మం ఒలిచి చూస్తే ఒంటిలో రెండు పాత తుపాకి గాయాలు. ఒకటి కుళ్ళి ఉన్నది. అదే ఆ పులిని మనుషులమీదికి తోలినది.

1907లో మొదటి పులి, 1938లో చివరి పులి. రెండింటిలోను ఎవరో పేరులేని మనిషి వదలిన తూటాయే మూలం. ముప్పైఒక్క సంవత్సరాలపాటు కార్బెట్ ఇతరుల అప్పులు తీర్చినారని మాకు తోస్తున్నది.

ఇక్కడ మా స్వంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందట మేము ఒక పార్సెలు చీటీమీద చేరవలసిన స్టేషను కోడులో ఒక అక్షరం తప్పు వ్రాసినాము. పార్సెలు వేరొక దిక్కుకు పోయింది. మా పుస్తకంలో అది కొట్టివేసి దిద్దుకొన్న ఒక అక్షరం మాత్రమే. తరువాత తెలిసింది, ఆ పెట్టెలో ఉన్నది చక్రాల కుర్చీ. పక్షవాతం వచ్చిన ఒక ముసలాయనకు కొడుకు పంపినది. పదకొండు రోజులు ఆ పెద్దాయన మంచంమీదనే ఉండి వాకిటివైపు చూచినాడట. మమ్మల్ని ఎవరూ గట్టిగా మందలించలేదు. ఆయన ముఖం మేము చూడలేదు. చూచి ఉంటే ఆ అక్షరం ఇంకొకసారి సరిచూచుకొని వ్రాసి ఉండేవారము. దూరం చేసే చెడుపు ఇదే. దెబ్బ తగిలినచోటు కంటికి కనబడదు.

కార్బెట్ కూడా తొలినుండి ఋషి కారు. పోవల్‌గఢ్ పెద్దపులి మనిషి జోలికి పోనిది. దాని చర్మంకోసం దొరలందరూ ఆశపడినారు. 1930లో ఆయనే దానిని కాల్చినారు. మొదటి తూటాకు అది చావలేదు. గాయంతో తిరుగుతున్న దానిని వెదకి ముగించవలసివచ్చింది. వైస్రాయి లిన్‌లిత్‌గోకు వేట ఏర్పాట్లు చేసినదీ ఆయనే. కాని ఏళ్ళు గడచినకొద్దీ మనసు మారింది. అటవీశాఖాధికారి ఛాంపియన్ తీసిన పులుల ఫోటోలు చూచి ఆయనకు కెమెరామీద మోజు పుట్టింది. కాలాఢుంగీ దగ్గర ఒక వాగులో చిన్న చిన్న కట్టలు కట్టి, నీరు దూకే చప్పుడులో సినిమా కెమెరా చప్పుడు కలిసిపోయేటట్లు చేసి, నెలల తరబడి ఓపిక పట్టి పులులను కొద్ది గజాల దూరంనుండి చిత్రించినారు. తుపాకికన్న కెమెరాకు ఇంకా దగ్గరగా పోవలసివచ్చింది. 1936లో ఏర్పడిన హేలీ జాతీయ వనం మన దేశంలో మొట్టమొదటిది. దాని సరిహద్దులు నిర్ణయించుటలో ఆయన సలహా తోడ్పడింది.

ఆయన వివాహం చేసుకోలేదు. అక్క మాగీయే తోడు. 1944లో అచ్చయిన కుమావూన్ నరభక్షకుల పుస్తకం ప్రపంచమంతటా పేరు తెచ్చింది. 1947 చివర అక్కా తమ్ముడూ దేశం వదలి ఆఫ్రికాలోని కెన్యాకు పోయి నయేరీ పట్టణంలో స్థిరపడినారు. మొకామా ఘాటు కూలీల కథలు, కొండపల్లెల కథలు కలిపి ఆయన 1952లో నా భారతదేశం అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేసినారు. వదలివచ్చిన ఊరిని అక్కడ కూర్చుండి తలచుకొన్నారు. 1955 ఏప్రిల్ 19న నయేరీలోనే కన్నుమూసినారు. తరువాత హేలీ వనానికి ఆయన పేరు పెట్టినారు. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ పథకం ఆ వనంలోనే ఆరంభమైంది. మొదట చేర్చిన తొమ్మిది అడవులలో మన ఒడిశాలోని సిమిలిపాల్, కర్ణాటకలోని బందీపూర్, మహారాష్ట్రలోని మేల్‌ఘాట్ ఉన్నవి. 1983లో తెలుగుదేశపు నల్లమల అడవి కూడా నాగార్జునసాగర్ శ్రీశైలం పేరుతో పులుల అభయారణ్యమైనది. 1972 లెక్కలో 1,827గా తేలిన పులులు 2022 అంచనాలో 3,682 అయినవి.

మన దేశంలో తుపాకి చల్లబడినా అమెరికా, ఆఫ్రికా ఖండాలలో పెద్ద జంతువుల వేట చట్టప్రకారం నేటికీ సాగుతున్నది. రైఫిళ్ళకు బలమైన దుర్బిణీలు, కాంతికిరణంతో దూరం కొలిచే యంత్రాలు వచ్చినవి. వెయ్యి గజాల దూరంనుండి పెద్ద దుప్పిని కొట్టినామని చెప్పుకొనేవారు ఉన్నారు. అది తప్పా ఒప్పా అని వేటగాళ్ళలోనే వాదం నడుస్తున్నది. రూజ్‌వెల్టు మొదలైనవారు 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు అనే అమెరికా వేటగాళ్ళ సంఘం దీనిని ఒప్పుకోదు. జంతువు తన కన్ను, ముక్కు, చెవులతో అపాయాన్ని పసిగట్టే వీలే లేనంత దూరంనుండి కాల్చుట న్యాయమైన వేట కాదని దాని అభిప్రాయం.

దూరపు గురివారికి కూడా ఒక జవాబు ఉన్నది. బాగా సాధన చేసి, నిదానంగా పడుకొని కొట్టిన దూరపు దెబ్బ, చేతులు వణుకుతూ కొట్టిన దగ్గరి దెబ్బకంటె మేలు గదా అంటారు. దీనిని త్రోసివేయరాదు. చంపావత్‌లో ఇరవై అడుగుల దెబ్బ పంజాకు తగిలిన సంగతి పైన చెప్పినాము. దగ్గర ఉన్నంత మాత్రాన పుణ్యం రాదు. అయితే వెయ్యి గజాలు పోవుటకు తూటాకు ఒక క్షణంకన్న ఎక్కువ పడుతుంది. ఆ క్షణంలో జంతువు ఒక అడుగు వేస్తే గుండెకు పోవలసిన దెబ్బ పొట్టకు పోతుంది. నడుమ లోయలో గాలి ఎటు వీస్తున్నదో ఈ గట్టుమీదివానికి తెలియదు. గాయపడిన జంతువు నిలిచినచోటు వెదకుటకు ఆ లోయ దిగి ఎక్కేసరికి ప్రొద్దు వాలుతుంది. ఎందరు దిగి ఎక్కుతారు?

కార్బెట్ జీవితంనుండి మేము తెలుసుకొన్న కొలత ఇది. గురికి దూరాన్ని గజాలతో కొలువరాదు. ఎదుటనున్నది ఏమిటో నిశ్చయంగా తెలిసేటంత, దెబ్బ తప్పితే నడిచిపోయి దానికి జవాబు చెప్పగలిగేటంత దూరమే మనిషికి న్యాయమైన దూరం. అది ఒకనికి రెండు వందల గజాలు కావచ్చు, ఒకనికి ఇరవై అడుగులు కూడా కాకపోవచ్చు. తుపాకివానికే కాదు, ఊరుగాని ఊరిలో కూర్చుండి సొంతఊరిలోని పొలం తగవును ఫోనులో తేల్చేవారికీ, ఆఫీసు బల్లవద్ద కాగితంమీద సంతకం పెట్టే మావంటివారికీ ఇది వర్తిస్తుంది.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవులు రిక్కించి వింటాము. కార్బెట్ తన వ్యయాన్ని, ఆ పదిహేను ప్రాణాలను సైతం, తన చేతితోనే వ్రాసుకొన్నారు. కొత్త సంవత్సరంలో మన పద్దులో కూడా కంటికి కనబడని ఖర్చుకు ఒక గడి ఉంచుకొందముగాక. మన సంఘం కుటుంబాలన్నిటికీ మా ఉగాది శుభాకాంక్షలు.